ఎవరి పేరున ఆ చెంచాడు బియ్యం

తెల్లవారుజామున ఐదింటికి ప్రార్థనకి వచ్చినవాళ్లంతా ఒక్క గొంతుతో "ప్రభువా" అని మూడుసార్లు అరిచి, ఆపైన ఎవరి మొర వాళ్లు గొంతెత్తి పెట్టుకోవడం ఓడరేవు సంఘంలో తాతలనాటి పద్ధతి. పాస్టరు బల్ల మీది గంట కొట్టేదాకా అలా అరుస్తూనే ఉంటారు. గంట మోగగానే టక్కున ఆపేస్తారు. అరవైమంది ఒకేసారి అరుస్తుంటే ఎవరి మొర ఎవరికి వినపడుతుంది? దేవుడికి వినపడితే చాలు, పక్కవాళ్లకెందుకు అన్నది వాళ్ల లెక్క. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా మెట్ల మీద నిలబడి వింటే, రేవులో చేపల వేలంపాట ఇక్కడికి మారిందేమో అనుకుంటారు.

ఆ ఆగస్టు సోమవారం గుమ్‌సన్ వెనకనుంచి రెండో బెంచీలో కూర్చుని ఉంది. అందరూ అరుస్తున్నారు, ఆమె మాత్రం నోరు తెరవలేదు. తెరిచి మూడు నెలలైంది. దేవుడి మీద కోపమా అంటే కోపం కాదు, అలకా కాదు. తెరిస్తే బయటికి రావడానికి లోపల ఏమీ లేదు, అంతే. పన్ను పీకించుకున్నాక మత్తు దిగని దవడ ఎలా ఉంటుందో, ఒళ్లంతా అలా ఉంది.

సరిగ్గా ఆమె ముందు బెంచీలో బొంగ్ అవ్వ కూర్చుంది. ఎనభై నాలుగేళ్ల మనిషి. రేవు బజారులో ఉప్పురొయ్యలు అమ్ముతుంది. చెవుడు వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ గొంతు రెట్టింపైంది. అందుచేత నోరు మూసుకుని వెనక కూర్చున్న గుమ్‌సన్‌కి మాత్రం ప్రతి మాటా వినపడింది.

"తండ్రీ, మా పాంగ్ అయ్యగారిని మంచం మీదనుంచి లేపు! ఆయన మూత్రపిండాలు బాగుచెయ్యి! నీ వల్ల కాదంటే నేనొప్పుకోను. ఆ చలిదేశంలో ఆయన లేకపోతే అమ్మగారొక్కత్తే ఏమైపోతుంది? లేపు తండ్రీ, లేపు!"

పాంగ్ తేసిక్ గుమ్‌సన్ భర్త. మంగోలియాలో మిషనరీ, వైద్యానికని ఇక్కడికొచ్చి మే నెల ఇరవయ్యో తేదీన చనిపోయాడు.

సంఘం బస్సు కట్టించుకుని ఆసుపత్రిలో శవాన్ని ఉంచి వచ్చినవాళ్లకి భోజనం పెట్టే గదికి అందరూ వచ్చారు, నల్లబట్టలు కట్టుకుని కారంగా ఉన్న గొడ్డుమాంసం చారుతో అన్నం తిన్నారు, పాటలు పాడారు, పాతిపెట్టి వెళ్లారు. బొంగ్ అవ్వ మాత్రం అప్పుడు తుంటి ఎముక విరిగి తేజోన్‌లో కూతురి దగ్గర ఆసుపత్రిలో ఉంది. జులైలో తిరిగొచ్చింది. ఆవిడకి ఎవరో ఒకరు చెప్పే ఉంటారని అందరూ అనుకున్నారు. ఎవరూ చెప్పలేదు. ఆదివారం పాస్టరు మైకులో చెప్పే కబుర్లు ఆవిడ చెవికి ఎక్కవు.

ఇప్పుడు చెప్పొచ్చు కదా? వేలు చాపి భుజం మీద తడితే చాలు. గుమ్‌సన్ తట్టలేదు. చెబితే ఆ ముసలావిడ ఏడుస్తుంది. ఆవిడ ఏడిస్తే తనూ ఏడవాలి. ఏడుపు రావడం లేదు. శవం దగ్గరా రాలేదు, దాని గురించి ఆడవాళ్లు నాలుగు రోజులు చెవులు కొరుక్కున్నారు కూడా. అసలు నిజం చెప్పాలంటే, ఆయన్ని లేపమని ఇంకా ఒకరు దబాయించి అడుగుతుంటే వినడానికి బాగానే ఉంది.

గంట మోగింది. అందరూ ఆపేశారు. గుమ్‌సన్ లేచి మూడో అంతస్తుకి వెళ్లింది.

అక్కడ మిషనరీల గది ఉంది. దేశం కాని దేశంలో సేవ చేసి, సెలవు మీద వచ్చినవాళ్లు దిగడానికి సంఘం కట్టించింది. ఎవరెవరో వాడి వదిలేసిన దుప్పట్లు, నీళ్లు కారే ఏసీ, గోడ మీద పోయినేటి క్యాలెండరు. ఫోను మోగింది. మంగోలియా నుంచి దోల్గోర్. ఖొవ్ద్ ఊళ్లో గుమ్‌సన్ నడిపే ఆడపిల్లల వసతి ఇంట్లో వంటమనిషి.

"అక్కా, ఎప్పుడొస్తున్నావు? ఇంటి యజమాని రోజూ వచ్చి గుమ్మంలో నిలబడుతున్నాడు. బడి తెరిచే రోజుకి నువ్వు రాకపోతే ఇల్లు టైర్ల కొట్టుకి ఇచ్చేస్తాడంట."

"వస్తాను."

"వస్తాను వస్తాను అని నెల్నాళ్లనుంచి అంటున్నావు. బొగ్గువాడు కూడా అడుగుతున్నాడు. నరన్ వాళ్ల నాన్న వచ్చి, నువ్వు రాకపోతే పిల్లని బడి మాన్పించి గొర్రెల వెంట పంపిస్తానన్నాడు. నరన్ నా చెయ్యి పట్టుకుని ఒకటే ఏడుపు. నేనేం చెప్పను?"

"వస్తానని చెప్పు."

సెప్టెంబరు ఒకటిన అక్కడ బళ్లు తెరుస్తారు. పశువుల వెంట తిరిగే కుటుంబాల పిల్లలు పదకొండుమంది ఆ ఇంట్లో ఉండి చదువుకుంటారు. తేసిక్ ప్రసంగాలు చేసేవాడు, గుడారాలు వెతుక్కుంటూ జీపులో తిరిగేవాడు. ఇల్లు గుమ్‌సన్‌ది. పొయ్యి రాజెయ్యడం, పేలు దువ్వడం, రాత్రి పక్క తడిపిన పిల్ల దుప్పటిని తెల్లారేలోపు ఎవరికీ తెలియకుండా ఉతకడం, పంతొమ్మిదేళ్లుగా ఆమె పని. కడుపున పిల్లలు పుట్టలేదు. పుట్టలేదని బాధపడేంత తీరికా దొరకలేదు. ఈ లోకంలో ఆమె వెళ్లగలిగిన ఇల్లంటూ ఉంటే అదొక్కటే.

మరి టిక్కెట్టు కొనుక్కుని వెళ్లిపోవచ్చు కదా అంటారేమో. అలా కుదరదు. సియోల్‌లో ఉన్న మిషన్ ఆఫీసు ఎవరికీ జీతం ఇవ్వదు. అక్కడ డైరెక్టరు నుంచి డ్రైవరు దాకా ఎవరి సంఘాలని వాళ్లే వెతుక్కోవాలి. పంపించే సంఘం ఒకటి ఉండి, "ఈ మనిషిని మేం పంపుతున్నాం, పోషిస్తాం" అని ఉత్తరం రాసిస్తేనే ఆఫీసు పట్టీలో పేరు ఎక్కిస్తుంది. పట్టీలో పేరుంటేనే వీసా. గుమ్‌సన్ పేరు ఆ పట్టీలో ఎప్పుడూ లేదు. "పాంగ్ తేసిక్ కుటుంబం" అని ఉంది. పోయిన వారం ఆఫీసు కార్యదర్శి పాస్టర్ గిల్ ఫోన్‌లో నీళ్లు నమిలాడు.

"అమ్మగారూ, అయ్యగారు ప్రభువునందు నిద్రించడంతో... ఆ ఫైలు మూసేశామండీ. మీకు వేరే ఫైలు తెరవాలంటే మీ సంఘం కొత్త ఉత్తరం ఇవ్వాలి. ఈ నెలాఖరులోపు."

"ఫైలు తెరిచే ఉంచితే పోయేది కదండీ."

"చనిపోయినాయన పేరున ఎలాగండీ?"

అదీ సంగతి. ఉత్తరం ఇవ్వాల్సింది ఓడరేవు సంఘం పెద్దలు. బుధవారం రాత్రి ఆరాధనలో గుమ్‌సన్ తమ సేవ గురించి సంఘానికి చెప్పుకోవాలి, అదయ్యాక పెద్దలు కూర్చుని తేలుస్తారు.

ఆ పొద్దున్నే కింద హాల్లో సంఘపెద్ద మేంగ్ నిచ్చెన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఎండుచేపల టోకు వ్యాపారి, మిషను కమిటీకి పెద్ద. గోడ నిండా ప్రపంచపటం. ఎక్కడెక్కడ తమ మిషనరీలున్నారో అక్కడ ఒక ఫొటో, ఫొటో పక్కన చిన్న బల్బు. మంగోలియా దగ్గర తేసిక్ నవ్వుతున్నాడు. బల్బు వెలుగుతోంది.

"తీసేద్దామనే ఎక్కానండీ అమ్మగారూ. చెయ్యి రాలేదు" అంటూ దిగాడు మేంగ్. చెమట తుడుచుకున్నాడు. "బుధవారం బాగా చెప్పండి. అయ్యగారి ఆఖరి రోజులు, ఆయన అన్న మాటలు... మనవాళ్లకి గుండె కరగాలి. కాస్త కన్నీళ్లు పెట్టుకుంటే తప్పులేదు. కన్నీళ్లు లేని సాక్ష్యం ఉప్పులేని కూర."

"నాకు రావడం లేదండీ."

మేంగ్ ఆమె వంక చూశాడు. మంచివాడే పాపం. మంచివాళ్లతోనే వస్తుంది చిక్కు. "అమ్మగారూ, ఒక మాట. తప్పుగా అనుకోకండి. సియోల్‌లో ఒక కుర్ర పాస్టరు ఉన్నాడు, పెళ్లాం, ఇద్దరు చిన్నపిల్లలు. ఎక్కడికైనా పంపండి అని ఏడాదినుంచి ఎదురుచూస్తున్నాడు. మంగోలియాకి వాళ్లని పంపి, మిమ్మల్ని ఇక్కడే ఉంచుకుందామని పెద్దల ఆలోచన. మిషనరీల గది చూసుకోవడానికి మనిషి కావాలి. వంటింట్లోనూ సాయం కావాలి. మీరు పడిన కష్టం చాలు. ఇకనైనా వెచ్చగా ఉండండి."

"పిల్లలు ఎదురు చూస్తున్నారండీ."

"వాళ్లు వెళ్తారుగా."

గుమ్‌సన్ తలూపి వంటింట్లోకి వెళ్లిపోయింది.

వంటింట్లో బొంగ్ అవ్వ నేల మీద చాప పరుచుకుని కూర్చుని ఉంది. చుట్టూ గుడ్డసంచులు. పూటపూటా అన్నానికి బియ్యం కడిగేముందు ఇంట్లో ఒక్కొక్కరి పేరూ చెప్పి ఒక్కో చెంచాడు తీసి పక్కన పెట్టడం, ఆదివారం ఆ సంచి తెచ్చి దేవుడి ముందు పెట్టడం పూర్వం అందరూ చేసేవారు. ఇప్పుడు పదిమంది ముసలివాళ్లు మిగిలారు. సోమవారంనాడు ఆ బియ్యమంతా కలిపి అరిసెల కొట్టుకి ఇస్తారు. ఆ వచ్చినదీ, స్త్రీల సమాజం శీతాకాలంలో ఉప్పురొయ్యలు, నువ్వులనూనె అమ్మి కూడబెట్టినదీ కలిపి మంగోలియా వెళ్తుంది.

"రండి అమ్మగారూ, కూర్చోండి. ఈ సంచి పట్టుకోండి. అది నాది" అంది అవ్వ. "మూడు పూటలా ఆరు చెంచాలు. పెద్దోడికొకటి, చిన్నోడికొకటి, పిల్లకొకటి, మా ముసలాయన పైకి పోయాడు కాబట్టి ఆయనది తీసేశా, ఆ పోయిన చెంచా అయ్యగారి పేరున వేస్తున్నా. నాకొకటి."

"ఐదేగా అయ్యాయి, అవ్వా?"

"ఏంటీ?"

"ఇంకోటి ఎవరికీ అని!"

"పిల్లకి కవల మనవలున్నారుగా, వాళ్లిద్దరికీ కలిపి ఒకటి. చంటోళ్లు, ఎంత తింటారు! మన అయ్యగారు ఎలా ఉన్నారు? ముద్ద మింగుతున్నారా?"

గుమ్‌సన్ సంచి మూతి విప్పింది. బియ్యం గిన్నెలోకి జారాయి. చెప్పాలి, ఇప్పుడు చెప్పెయ్యాలి అనుకుంది. చుట్టూ ఎవరూ లేరు.

"నొప్పి తగ్గిందవ్వా" అంది. అంతవరకు నిజమే.

"స్తోత్రం! చూశారా, అడిగితే ఎందుకివ్వడు? గట్టిగా అడగాలి" అని అవ్వ బోసినోటితో నవ్వింది.

బుధవారం రాత్రి ఏడున్నరకి హాలు నిండింది. పోయినాయన భార్య మాట్లాడుతుందంటే ఎవరు రారు? ఆడవాళ్లు చేతిరుమాళ్లు మడిచి ఒళ్లో సిద్ధంగా పెట్టుకున్నారు. తెర మీద ఫొటోలు పడ్డాయి. మంచులో తేసిక్, గుడారం ముందు తేసిక్, ఒంటె మీద తేసిక్. ఒక్క ఫొటోలోనూ గుమ్‌సన్ లేదు. కెమెరా పట్టుకున్నది ఆమే కాబట్టి.

మైకు ముందు నిలబడి ఆమె పొడిగా చెప్పుకుపోయింది. "పోయిన చలికాలం సున్నాకి కింద నలభై దాకా వెళ్లింది. నాలుగు టన్నుల బొగ్గు పట్టింది. ఈ పిల్ల ఓయూన, ఏడేళ్లు, వచ్చినప్పుడు పలకరిస్తే బల్ల కింద దూరేది, ఇప్పుడు దూరడం లేదు. ఈ పిల్ల నరన్. లెక్కలు బాగా చేస్తుంది. దీని కుడిచెవి చీము కారుతుంది, వారానికోసారి కడగాలి, వేరేవాళ్లు పట్టుకుంటే కరుస్తుంది. ఈ పొయ్యి గొట్టం పోయిన మార్చిలో పగిలింది, తీగ కట్టి ఉంచాం..."

పొయ్యి గొట్టం గురించి ఎవరేడుస్తారు? చేతిరుమాళ్లు ఒక్కొక్కటే మళ్లీ సంచుల్లోకి వెళ్లాయి. ముందు వరసలో మేంగ్ మెడ తుడుచుకుంటూ కూర్చున్నాడు. "ఏం మనిషమ్మా, రాయి" అని ఎవరో గుసగుసలాడటం మైకులోంచి వచ్చినంత స్పష్టంగా గుమ్‌సన్‌కి వినపడింది. అవునని ఆమె కూడా అనుకుంది. తను చెప్పేది చెడిపోతోందని తెలుస్తూనే ఉంది. ఇల్లు పోతోంది, నరన్ పోతోంది, చేతులారా తనే పోగొడుతోంది. అది కూడా ఎవరి సంగతో చూస్తున్నట్టే ఉంది.

"అంతేనండీ. నన్ను మళ్లీ పంపించండి" అని ముగించింది.

పాస్టరు లేచి ప్రార్థన చేయబోతుండగా, నడిమి వరసలో కర్ర ఊతం చేసుకుని బొంగ్ అవ్వ లేచి నిలబడింది.

"అమ్మగారూ! ఫొటోలు బాగున్నాయిగానీ, అయ్యగారిని తీసుకురాలేదేం? నొప్పి తగ్గిందన్నారుగా?"

పాస్టరు మేంగ్ వంక చూశాడు, మేంగ్ నేల వంక చూశాడు. ఎవరైనా ఆవిడని కూర్చోబెడతారేమోనని గుమ్‌సన్ ఒక్క క్షణం చూసింది. ఎవరూ కదల్లేదు.

"చచ్చిపోయాడవ్వా" అంది.

"ప్రభువునందు నిద్రించారు" అని పాస్టరు చిన్నగా సర్దాడు.

"ఏంటీ? వినపళ్లేదు!"

"చచ్చిపోయాడు!"

"మైకు దగ్గరికి పెట్టుకో తల్లీ, ఏమంటున్నావో!"

గుమ్‌సన్ మైకు రెండు చేతులా పట్టుకుని నోటికి ఆనించుకుంది. "చచ్చిపోయాడు! మే ఇరవైన! పాతిపెట్టాం!"

ఆ మాట గోడలకి తగిలి తిరిగొచ్చింది. భర్త పోయాక ఆ మాట ఆమె నోటితో అనడం అదే మొదలు. అందరూ ఆమె బదులు అన్నారు, మెత్తగా, నిద్రలాంటి మాటలతో. ఆమె కళ్లు మాత్రం పొడిగానే ఉన్నాయి.

అవ్వ పెదాలు కదిలాయి. తర్వాత సంఘం వైపు తిరిగింది.

"నేనొచ్చి యాభై రోజులైంది. రోజూ పొద్దున్నే ఇక్కడే కూర్చుని, ఆయన్ని లేపమని గొంతు చించుకుంటున్నా. మీరంతా నా చుట్టూనే ఉన్నారు. మీలో ఒక్కరికి నోరు రాలేదా? చచ్చినోడి మూత్రపిండాలు బాగుచెయ్యమని అడుగుతుంటే దేవుడు నవ్వుకున్నాడో ఏడ్చాడో!"

"మేమూ అరుస్తున్నాం కదా అవ్వా. మాకు వినపళ్లేదు" అంది పక్కావిడ, సిగ్గుపడిపోతూ.

అది అబద్ధం కాదు.

ఆరాధన ముగిసి పెద్దలు ఏడుగురూ పై గదికి వెళ్లారు. గుమ్‌సన్ వంటింట్లో వాళ్లకి బార్లీ టీ కాస్తోంది. చేతులకి పని ఉంటే అదో నయం. అవ్వ కర్ర టకటకలాడించుకుంటూ వచ్చి పీట మీద కూలబడింది.

"నొప్పి తగ్గిందని నాతో అబద్ధం చెప్పావు."

"అవునవ్వా" అంది గుమ్‌సన్ ఆవిడ చెవి దగ్గరికి వంగి.

"ఎందుకు?"

"మీరు అడుగుతుంటే... ఇంకా ఉన్నాడేమో అనిపించింది."

అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని తన ఒళ్లో పెట్టుకుంది. ఉప్పు తిని పగిలిన వేళ్లు అవి. తర్వాత ముక్కు చీదుకుని, "రోజుకి మూడుసార్లు ఆయన పేరు చెప్పి చెంచాడు తీశాను" అంది. "చచ్చినోడికి బియ్యమెందుకు? ఎవరు తిన్నారది ఇన్నాళ్లూ?"

"నేనే తిన్నా అవ్వా. నేనూ, పిల్లలూ."

"మరి నీ పేరున ఎవరైనా తీస్తున్నారా?"

"తెలియదు."

"నేను తియ్యలేదు" అంది అవ్వ నిదానంగా. "పంతొమ్మిదేళ్లలో ఒక్క పూట తియ్యలేదు. ఆయనకేస్తే నీకేసినట్టే అనుకున్నా. ఇక వేస్తా. నీ పేరేంటి?"

గుమ్‌సన్ తెల్లబోయింది. పేరు వెంటనే నోటికి రాలేదు. ఆసుపత్రి కాగితాల మీద భార్య అని రాసింది. ఇక్కడ అందరికీ అమ్మగారు, అక్కడ అందరికీ అమ్మ. తేసిక్ కూడా "ఇదిగో" అనే పిలిచేవాడు.

"గుమ్‌సన్. ప్యో గుమ్‌సన్."

"గుమ్‌సన్" అని అవ్వ రెండుసార్లు నమిలి చూసుకుంది. "ఓరి నాయనో! ఇన్నేళ్లూ అమ్మగారిని కాపాడు, అమ్మగారిని కాపాడు అన్నాను. ఈ ఒక్క వీధిలో ఆరు సంఘాలు, ఆరుగురు అమ్మగార్లు. దేవుడు ఏ అమ్మగారిని కాపాడుకుంటూ కూర్చున్నాడో! పద. ఆ టీ పట్టుకురా."

"ఎక్కడికవ్వా?"

"పైకి. తీసుకురా అంటుంటే!"

తలుపు తోసుకుని అవ్వ ముందు, కప్పులతో గుమ్‌సన్ వెనక. పెద్దల ముందు బల్ల మీద ఒక కుర్ర జంట ఫొటో ఉంది, ఇద్దరు పిల్లలతో.

"అవ్వా, ఇది పెద్దల మీటింగు" అన్నాడు పాస్టరు బతిమాలుతున్నట్టు.

"నాకు వినపడదు" అంది అవ్వ, కుర్చీ లాక్కుని కూర్చుంటూ. "మేంగూ, నీకు ముక్కు తుడిచిన చేతులివి. చెప్పు. ఈ కుర్రాడికి అక్కడి మాట వచ్చా?"

"నేర్చుకుంటాడవ్వా!" అని మేంగ్ అరిచాడు.

"ఎన్నాళ్లకి?"

"రెండేళ్లు పట్టొచ్చు!"

"ఆ రెండేళ్లూ పిల్లల తల్లో పేలు ఆగుతాయా? ఆ చెవిలో చీము ఆగుతుందా? వేరేవాళ్లు పట్టుకుంటే కరుస్తుందని చెప్పింది, విన్నావా? చెవిటిదాన్ని, నేనే పక్కావిడని అడిగి విన్నా, నీకు వినపళ్లేదా?"

"అవ్వా, ఆవిడ ఒంటరి మనిషి. అభిషేకం పొందిన పాస్టరు కాదు. పాస్టరు లేకుండా ఆడమనిషినొక్కదాన్నీ పంపడం మన సంఘంలో ఎన్నడూ లేదు. ఆమె మంచికే అంటున్నాం."

"ఆమె మంచి ఆమెనడిగావా?"

కప్పులు సర్దుతున్న గుమ్‌సన్ వంక ఏడుగురూ తిరిగారు. ఏడ్చి అడిగితే బాగుండునేమో. ఎంత వెతికినా కన్నీళ్లు దొరకలేదు. ఉన్నదే చెప్పింది.

"నాకు ఇక్కడ వెచ్చగా ఉంటుందండీ. అది నిజమే. కానీ ఇక్కడ నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నన్ను అక్కడికి పంపించండి. పాస్టరుని తర్వాత పంపినా ఫరవాలేదు."

"విన్నారుగా" అంది అవ్వ. వినపడిందో లేదో ఆవిడకే తెలియాలి. "రేపటినుంచి నా చెంచా ఈమె పేరున. మా సమాజం వాళ్లందరికీ చెప్తా. మంగోలియాకి పోయేదాంట్లో సగం మా ఆడాళ్లు ఉప్పులో చేతులు నానేసి సంపాదించింది. ఈ పేరుకైతే రొయ్యలమ్ముతాం. వేరే పేరుకైతే ఇంట్లో కూర్చుంటాం. ప్యో గుమ్‌సన్! కాగితం మీద రాసుకో మేంగూ, నువ్వూ ఎప్పుడూ అడిగుండవు."

మేంగ్ చెవులు ఎర్రబడ్డాయి. కలం తీసి రాసుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం ఉత్తరం తెచ్చి ఇచ్చాడు. నెలకెంత ఇస్తామో సంఘంవాళ్లు రాసిచ్చే చందా కార్డులు ఈ ఏడాదివన్నీ అయ్యగారి పేరున డిసెంబరు దాకా ఉన్నవే కాబట్టి, డిసెంబరు దాకా పంపడానికి పెద్దలు ఒప్పుకున్నారట. డిసెంబరులో మళ్లీ కార్డులు పంచుతారు. గుమ్‌సన్ పేరున ఎందరు రాస్తారో చూసి అప్పుడాలోచిస్తారు. "నాలుగు నెలలేనండీ. అంతకన్నా నా వల్ల కాలేదు" అన్నాడు. ఉత్తరంలో మొదట "స్వర్గీయ పాంగ్ తేసిక్ గారి సతీమణి" అని టైపు చేసి, అది కొట్టేసి పైన చేత్తో ఆమె పేరు రాసి, ముద్ర వేశారు. పాస్టర్ గిల్ ఫోన్ చేసి ఫైలు తెరిచానన్నాడు. దోల్గోర్‌కి చెబితే ఫోన్‌లోనే ఓయూన, నరన్ కేకలు పెట్టారు. గుమ్‌సన్ ఆ కేకలు విని, మంచిది అనుకుని, పెట్టె సర్దుకుంది. సంతోషం కూడా ఎక్కడో దుప్పటి కింద ఉన్నట్టే ఉంది.

వెళ్లే రోజు తెల్లవారుజామున ప్రార్థనకి దిగింది. హాల్లో పటం మీద మంగోలియా దగ్గర ఫొటో లేదు, బల్బు మాత్రం వెలుగుతోంది. అవ్వ ఈసారి ముందు బెంచీలో కాక ఆమె పక్కనే కూర్చుని ఉంది. ఒళ్లో ఉప్పురొయ్యల డబ్బా, గుడ్డతో నాలుగు చుట్లు చుట్టి.

"ప్రభువా" అని మూడుసార్లు అరిచారు. అరవై గొంతులు లేచాయి. చెవి పక్కనే అవ్వ గొంతు: "తండ్రీ! గుమ్‌సన్ వెళ్తోంది! ప్యో గుమ్‌సన్! ఇంకో అమ్మగారు అనుకునేవు, ఇదిగో ఇక్కడ నా పక్కనున్న పిల్ల! దీన్ని చూసుకో!"

తన పేరు అంత పెద్దగా ఎవరైనా పిలవడం గుమ్‌సన్ ఎరగదు. లోపల మొద్దుబారిన చోట ఎవరో గోరుతో గీకినట్టయింది. నొప్పి పుట్టింది. నోరు దానంతటదే తెరుచుకుంది. వచ్చింది ప్రార్థన కాదు.

"తేసిక్!"

ఎవరూ తల తిప్పలేదు. ఎవరి అరుపు వాళ్లది. ఇక్కడ ఎంత అరిచినా ఎవరికీ వినపడదని ఆమెకి అప్పుడు తట్టింది. ఇక ఆపుకోలేదు.

"తేసిక్! పొయ్యి గొట్టం నువ్వు మారుస్తానన్నావు! మార్చలేదు! నొప్పి అని చెప్పకుండా జీపెక్కి తిరిగావు, నేను దుప్పట్లు ఉతుక్కుంటూ చూసుకోలేదు! నన్నొక్కసారి పేరు పెట్టి పిలవలేదు! ఆ ఇంట్లో రెండు దిళ్లు ఉంటాయి, నేనేం చెయ్యను రెండో దిండుని? చచ్చిపోయావు! చచ్చిపోయావు తేసిక్!" ముక్కూ నోరూ ఏకమై, కన్నీళ్లు మెడ మీదికి కారుతున్నాయి. బల్ల మీది గంట మోగింది. అరవైమంది టక్కున ఆగారు. గుమ్‌సన్‌కి గంట వినపడలేదు.

"నేనొక్కదాన్నే వెళ్తున్నా!" అన్న అరుపు నిశ్శబ్దమైపోయిన హాలంతా మోగింది.

పాస్టరు చెయ్యి గంట మీదే ఆగిపోయింది. ముందు వరసలో మేంగ్ వీపు కదల్లేదు. ఒకరి మొర ఇంకొకరు వినడం అక్కడ పద్ధతి కాదు. అందరూ విన్నారు.

"ఆమేన్" అంది బొంగ్ అవ్వ.

కాసేపటికి మేంగ్ అన్నాడు. తర్వాత అందరూ అన్నారు. అవ్వ తన పైట కొంగులాంటి మెడగుడ్డ తీసి గుమ్‌సన్ ముక్కు తుడిచింది, ఉప్పురొయ్యల డబ్బా ఒళ్లో పెట్టింది.

"మూత గట్టిగా బిగించా. దార్లో విప్పి చూడకు, బస్సంతా కంపు కొడుతుంది" అంది.